‘ఉండిపోతుంది’ అంటే నమ్ముదాం, ‘విడిపోతుంది’ అంటే పరీక్షిద్దాం



నీళ్లలో కలిసిన రసాయనాన్ని సూక్ష్మజీవులు విడగొడతాయో లేదో ఇప్పుడు కంప్యూటరే చెప్పేస్తోందని, ఇక ప్రయోగశాలలో నెల రోజులు కాచుక్కూర్చోవాల్సిన పని లేదని మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగాన్ని మాత్రం, కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరై సంగారెడ్డిలో ఉంటున్నవాడిగా, ఒప్పుకోలేకపోతున్నాను.

ఈ లెక్కలు సరదాకి పుట్టినవి కావు. అమెరికాలో 1976 నాటి చట్టం ప్రకారం కొత్త రసాయనం తయారుచేయదలచిన కంపెనీ ముందుగా ప్రభుత్వానికి తెలపాలి. దాన్ని పరిశీలించడానికి ప్రభుత్వానికి దొరికేది 90 రోజులు. నీటిలో ఏమవుతుందో పరీక్షించి ఆ ఫలితాలు జతచేసి తీరాలన్న షరతు కంపెనీకి లేదు. అధికారి చేతిలో చాలాసార్లు అణువు నిర్మాణం బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. బొమ్మ చూసే ఏదో ఒకటి తేల్చాలి కాబట్టి అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ‘బయోవిన్’ అనే సాధనాన్ని వాడుకలోకి తెచ్చింది. ఇవాళ దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోవచ్చు.

అది చేసే పని చూస్తే మంత్రమేమీ లేదు. అణువును ముక్కలు ముక్కలుగా చూస్తుంది. ఎస్టర్, ఆల్కహాల్, ఆమ్లం ముక్కలుంటే మార్కులు కలుపుతుంది. క్లోరిన్, నైట్రో, నాలుగు వైపులా కార్బన్లే అతుక్కున్న కార్బన్ ఉంటే తీసేస్తుంది. బరువైన అణువైతే ఇంకొంచెం కోత. చివరికి వచ్చిన అంకె 0.5 దాటితే త్వరగా విడిపోతుందని తీర్పు. ఇంటిపేరు చూసి మనిషి గుణం చెప్పడం లాంటిదే ఇది. చాలాసార్లు సరిపోతుంది, సరిపోనప్పుడు మాత్రం మనకు తెలియనివ్వదు. ఇందులోనే ఇంకో నమూనా ఉంది. 200 రసాయనాలను 17 మంది నిపుణుల ముందు పెట్టి, ఇది విడిపోవడానికి రోజులు పడుతుందా, వారాలా, నెలలా అని అడిగి, వాళ్ల అంచనాల మీద కట్టిన లెక్క అది. ‘కంప్యూటర్ చెప్పింది’ అని మనం గౌరవంగా అనుకునే మాట వెనక ఆ పదిహేడు మంది కూర్చుని ఉన్నారు.

అయినా ముక్కల లెక్కలో అసలైన రసాయనశాస్త్రం ఉంది. 1950లలో యూరప్, అమెరికా నదుల మీద సబ్బు నురగ తెట్టెలు కట్టింది. ఆనాటి డిటర్జెంట్లలో కార్బన్ గొలుసుకు అడుగడుగునా కొమ్మలుండేవి, బ్యాక్టీరియాకు వాటిని కొరికే దారి దొరకలేదు. 1961లో పశ్చిమ జర్మనీ చట్టం తెచ్చింది. 1965 నాటికి అమెరికా కంపెనీలు కొమ్మల్లేని తిన్నని గొలుసుకు మారాయి. నురగ తగ్గింది. మారింది గొలుసు ఆకారం ఒక్కటే. అణువును గీస్తున్న దశలోనే, పది నమూనాల్లో ఏ రెండు మొండికేస్తాయో చెప్పే సాధనం ఉంటే ఆ రెంటినీ కాగితం మీదే కొట్టేయవచ్చు. ఈ మేలును కాదనేవాడిని కాను.

నా అభ్యంతరం ‘పరీక్ష అక్కర్లేదు’ అన్న దగ్గర. చేపల మీద, ఎలుకల మీద చేసే విషపరీక్షలకు బదులు కంప్యూటర్ లెక్క వాడితే మూగజీవాల ప్రాణాలు మిగులుతాయి, ఆ వాదానికి బలముంది. విడిపోవడాన్ని చూసే పరీక్షకైతే కావలసింది మురుగునీటి బ్యాక్టీరియా. దానికి మన దగ్గర కరువు లేదు.

పైగా ఏ పరీక్ష ఫలితాలు చూపించి కంప్యూటర్‌కు నేర్పారో ఆ పరీక్షకే హద్దులున్నాయి. ఓఈసీడీ దేశాల పద్ధతిలో శుభ్రమైన సీసాలో, చీకట్లో, 22 డిగ్రీల దగ్గర, ఒకే ఒక్క రసాయనాన్ని కాస్త సూక్ష్మజీవులతో 28 రోజులు ఉంచుతారు. పూర్తిగా విడిపోతే ఎంత ఆక్సిజన్ ఖర్చవ్వాలో అందులో 60 శాతం ఖర్చయితే పాసు. పటాన్‌చెరు దగ్గర ఇసకవాగులోనో నక్కవాగులోనో ఆ సీసా వాతావరణం ఎక్కడుంది? వేసవిలో మన నీళ్ల వెచ్చదనానికి బ్యాక్టీరియా చురుగ్గా పనిచేయవచ్చు, నిజమే. అదే వెచ్చదనం నీటిలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఒక్క రసాయనం కాదు, పదుల కొద్దీ కలిసి వస్తాయి.

అందులో యాంటీబయాటిక్ ఉంటే కథే వేరు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు అక్కడికి చేరేవి. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. విడగొట్టాల్సిన బ్యాక్టీరియానే చంపే పదార్థం అది. ప్రయోగశాలలో సీసా పరీక్ష పెట్టినప్పుడూ ఈ మందు విడిపోలేదు. ఏ వాగులో దేనితో కలిసి ప్రవహిస్తుందో ఎరగని ముక్కల లెక్కకు, ఏ అణువు చుట్టూ ఉన్న బ్యాక్టీరియాను చంపుతుందో తెలిసే వీలు లేదు.

ఇంకో చిక్కు ‘విడిపోవడం’ లోనే ఉంది. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు మట్టిలో, నీటిలో మారిపోతుంది, అబద్ధం కాదు. మారి ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. అది తల్లిపదార్థమంత విషం, దానికంటే ఎక్కువకాలం ఉంటుంది. 2011లో సుప్రీంకోర్టు ఈ మందును నిలిపేసే నాటికి మన పొలాల్లో ఎంత చల్లామో రైతులకు తెలుసు. మొదటి అణువు మాయమైందా అని మాత్రమే అడిగే లెక్క ఇలాంటివాటికి పాసు మార్కు వేసే ప్రమాదముంది. విడిపోయే దారిని మెట్టు మెట్టుగా అంచనా వేసే సాధనాలు ఇప్పుడు వచ్చాయి. అనుమతుల కాగితాల్లో అవి చెప్పిన మధ్యమెట్ల పేర్లు కూడా కనబడాలి.

ఈ సాధనాల జోస్యాలను అసలు ఫలితాలతో సరిపోల్చి చూసినవాళ్లు తేల్చిన సంగతి ఒకటుంది. ‘త్వరగా విడిపోదు’ అన్నప్పుడు ఇవి చాలావరకు నిజమవుతాయి, ‘విడిపోతుంది’ అన్నప్పుడే ఎక్కువగా తప్పుతాయి. యూరప్‌లో రసాయనాల నియంత్రణకున్న రీచ్ చట్టం కింద అధికారులు బయోవిన్ అంకెలను మొదటి వడపోతలో వాడుకునేది కూడా అనుమానించదగ్గ రసాయనాలను పట్టుకోవడానికి. మన దేశంలోనూ రసాయనాల నమోదుకు నియమాల ముసాయిదాలు తయారయ్యాయి. రేపు అవి అమల్లోకి వస్తే పరిశ్రమ వర్గాలు ముందుగా అడగబోయేది ఈ లెక్కనే పరీక్షగా ఒప్పుకోమని. ఒప్పుకోవాల్సింది ఒక్క దిక్కుకే అని నా వాదన. కంప్యూటర్ ‘ఉండిపోతుంది’ అంటే అదే చాలు, కాదని నిరూపించుకునే భారం కంపెనీది. ‘విడిపోతుంది’ అంటే మాత్రం, ఏ వాగులోకి వదులుతారో ఆ వాగు నీటితో సీసా పరీక్ష జరగాలి. ఏ నమూనా వాడారు, ఆ అణువు అది నేర్చుకున్న అణువుల కోవలోకి వస్తుందా రాదా అన్నది కూడా దరఖాస్తులోనే రాయించాలి. ఫ్లోరిన్ నిండిన కొత్త అణువులు, పెద్ద మందు అణువులు చాలావరకు ఆ కోవకు బయటివే.

ఖర్చు గురించి గోల చేసేవాళ్లకు ఒక మాట. మూతబిగించిన సీసా పరీక్షకు కావలసినవి బీఓడీ (సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) కొలిచే సీసాలు, ఆక్సిజన్ కొలిచే మీటరు, ఉష్ణోగ్రత మారని చీకటి పెట్టె. బీఓడీ కొలిచే ప్రతి కాలుష్య నియంత్రణ మండలి ల్యాబులోనూ ఇవి ఇప్పటికే ఉంటాయి. అక్కడ ఐదు రోజులకో మూడు రోజులకో సీసా మూత తీస్తారు, ఇక్కడ 28 రోజులు ఉంచాలి.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
సంగారెడ్డి