ఇల్లూ వాకిలీ: బొమ్మలకొక చోటు

సెలవులకు ఊరు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు మా సామానులో మూడోవంతు పిల్లల బొమ్మలే. తాతగారు కొన్నవి కొన్ని, మేనత్త ఇచ్చినవి కొన్ని. మస్కట్‌లో దిగాక అవి ఇక్కడివాటితో కలిశాయి. ఆ తరువాత హాలు దాటి వంటింట్లోకి పోవాలంటే కాలికి ఏదో ఒకటి గుచ్చుకోక తప్పలేదు. రువీలోనూ, అల్ ఖువైర్‌లోనూ, గుబ్రాలోనూ ఉన్న మనవారిలో చాలామందికి ఈ అవస్థ తెలిసినదే గనుక ఈ నెల దీని గూర్చే ముచ్చటించుకుందాం.

మన చిన్నప్పుడు ఈ బెడద లేదు. అరుగు, పెరడు, వీధి అన్నీ ఆటస్థలాలే. చింతపిక్కలూ గవ్వలూ ఆట అయ్యాక ఒక గుడ్డలో మూటకట్టి గూట్లో పెడితే సరిపోయేది. ఇక్కడ మే నెల మొదలు సెప్టెంబరు దాకా పట్టపగలు పిల్లల్ని బయటికి పంపలేం. ఏ.సి. గదిలో పొద్దుపోవాలంటే బొమ్మలు కావాలి. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. అమ్మమ్మ, నాయనమ్మల చేతుల్లో పెరగవలసిన పిల్లల్ని ఇంతదూరం తెచ్చామే అన్న బాధకు బదులుగా కూడా మనం బొమ్మలు కొంటున్నాం. ఉల్లిపాయల కోసమని వెళ్ళి ప్లాస్టిక్ కారుతో ఇంటికి వచ్చిన రోజులు మాకు ఎన్నో ఉన్నాయి.

ఒక శుక్రవారం విసుగెత్తి, విరిగినవీ జత తప్పినవీ అనుకున్నవన్నీ నల్లసంచిలో వేసి వీధి చివర చెత్తతొట్టిలో పడేశాం. సాయంత్రం మా అమ్మాయి లక్కపిడతలు ముందేసుకుని కూర్చుంది. రోకలి ఉంది, రోలు లేదు. పరుగున వెళ్ళేసరికి తొట్టి ఖాళీ. ఆ పిడతలు ఏటికొప్పాకలో వాళ్ళ అమ్మమ్మ కొనిపెట్టినవి. ఆవిడ నిరుడు పోయారు. పిల్ల ఏడవలేదు. “నన్నెందుకు అడగలేదు?” అని మాత్రం అంది. మా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఇది మేము కనిపెట్టినదేమీ కాదు. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి గారు మొదటి శిశుగృహం తెరిచినప్పుడు వస్తువులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేవారట. ఒకరోజు టీచరు తాళం వేయడం మరిచిపోయింది. పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని ఆడుకోవడం చూసి, ఆవిడ పిల్లలకు అందే పొట్టి అరలు చేయించారు. ఈవిడే 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలో ఉండిపోయారు.

మా ఫ్లాటులో ఆటగది అంటూ లేదు. బాల్కనీ తలుపు పక్కన మూల ఒకటి ఉంది. అక్కడ పిల్లల నడుమెత్తు అర పెట్టి, మీద పడకుండా గోడకు బిగించాం. (అద్దె ఇల్లు గనుక మేకు కొట్టేముందు యజమానిని అడగండి.) అరమీద ఏడెనిమిది బొమ్మలకు మించి ఉంచం. మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కింద ఉంటాయి. పదిహేను రోజులకోసారి పిల్లలే మార్చుకుంటారు. పాత బొమ్మ పెట్టెలోంచి వచ్చిననాడు కొత్తది కొన్నంత సందడి! అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వారు 36 మంది పసిపిల్లలను గమనించి 2018లో వెల్లడించినది కూడా ఇదే: ముందు పదహారు బొమ్మలున్నప్పటి కంటే నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కొక్క దానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారట.

చిల్లర ముక్కలకు ఒమానీ హల్వా వచ్చే మూత డబ్బాలు భేషుగ్గా పనికొస్తాయి. లోపల ఏముందో పైన బొమ్మ గీసి అంటిస్తే చదువురాని చిన్నవాడు కూడా సర్దగలడు. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు ఉన్నవి మాత్రం పసివాళ్ళకు అందనివ్వకండి. మింగితే ప్రాణానికే ముప్పు.

కొయ్యబొమ్మల సంగతి వేరు. కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి కర్రది. దాన్ని నీళ్ళలో కడగకండి, ఇక్కడి దుమ్ముకు పొడిగుడ్డ చాలు. ఏటికొప్పాకవి అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ రంగులక్క పట్టించినవి. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇప్పుడు ఏది ఎవరికి ఇవ్వాలన్నా పిల్లల్ని అడిగే తీస్తున్నాం. వాళ్ళు వద్దన్నది ఆగిపోతుంది, అది మూడు చక్రాల లారీ అయినా సరే. సర్దడం దీనివల్ల ఆలస్యమవుతోంది, ఇల్లు అద్దంలా ఏమీ లేదు. రోకలి అరమీదే ఉంది. ప్రస్తుతానికి హల్వా డబ్బా మూత దానికి రోలు.

మనలో ఏటేటా ఎవరో ఒకరు ఉద్యోగం ముగించుకుని ఇండియా వెళ్ళిపోతూనే ఉంటారు. వారి పిల్లల బొమ్మలు కొత్తగా వచ్చినవారి ఇంటికి చేరితే బాగుంటుంది. అలా ఇవ్వదలచినవారు వచ్చే సమావేశానికి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని రండి, వాళ్ళ చేతులతోనే ఇప్పిద్దాం.