లెక్క తేల్చేది ఎంతవరకు?

గ్రామీణ భారతంలో బహిరంగ మలవిసర్జన అంతమైందని 2019 అక్టోబర్ 2న సబర్మతి తీరాన ప్రధాని ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే జాతీయ నమూనా సర్వే 76వ విడత నివేదిక వెలువడింది. 2018 జులై-డిసెంబర్ మధ్య ఇళ్లకు వెళ్లి అడిగితే, మరుగుదొడ్డి అందుబాటులో ఉన్న గ్రామీణ కుటుంబాలు 71.3 శాతమేనని తేలింది. అప్పట్లో సర్కారు చెబుతున్నది సుమారు 95 శాతం.

కోట్లాది ఇళ్లున్న దేశంలో అరవై వేల ఇళ్లు చూసి ఏం తేలుస్తారని కొందరు అడుగుతారు. తేల్చవచ్చు. ముందు సర్కారు మాటే నిజమనుకుందాం. నిజంగా 95 శాతం ఇళ్లకు మరుగుదొడ్డి ఉంటే, లాటరీ పద్ధతిలో ఎంచిన 63,736 ఇళ్లలో ఆ వాటా ఎంత అటూఇటూ కావచ్చు? ప్రామాణిక దోషం 0.09 పాయింటు కూడా ఉండదు. ముందు ఊళ్లను, ఆపై ఇళ్లను ఎంచే పద్ధతి వల్ల అది రెండు మూడింతలైందనుకున్నా పావు పాయింటు దగ్గరే ఉంటుంది. తేడా మాత్రం 23 పాయింట్లు దాటింది. ఈ నెపాన్ని శాంపిల్ మీదకు నెట్టడం కుదరదు.

అయితే ఈ పరీక్ష కొట్టిపారేసేది కాకతాళీయాన్నే. జవాబులు నిజమో కాదో అది చెప్పదు. పథకాల లబ్ధి గురించి అడిగాక మరుగుదొడ్డి సంగతి అడిగారు కాబట్టి, ఇంకేమైనా ఇస్తారన్న ఆశతో కొందరు లేదని చెప్పి ఉండొచ్చని నివేదికే హెచ్చరించింది. న్యాయమైన సందేహమే. శాంపిల్ పదింతలు చేసినా అది తీరదు, తప్పు జవాబులూ పదింతలవుతాయంతే.

దాన్ని తీర్చేది మరోలా అడిగిన మరో సర్వే. మీ ఇంట్లోవాళ్లు మామూలుగా ఎలాంటి మరుగుదొడ్డి వాడతారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో అడిగింది. ఆ పని చాలావరకు ప్రధాని ప్రకటన తర్వాత జరిగిందే. అయినా సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు 76 శాతమే.

మరి 95 ఎక్కడిది? ప్రభుత్వ లెక్కకు ఆధారం 2012 నాటి బేస్‌లైన్ సర్వే జాబితా. అందులోకి ఎక్కని ఇళ్లు, ఆ తర్వాత వేరుకాపురం పెట్టిన కుటుంబాలు ఆ శాతంలోకి రాలేదు.

స్వచ్ఛ భారత్ కింద కోట్లలో మరుగుదొడ్లు కట్టిన మాట నిజం. అందుకే స్వతంత్ర సర్వే అంకెను పక్కనే అచ్చువేయడానికి సర్కారు జంకనక్కర్లేదు. పని పూర్తయిందని ప్రకటించేశాక, మిగిలిపోయిన ఇంటికి డబ్బు మంజూరు చేయమని ఏ అధికారి అడగగలడు?