ఒంగోలు జాతికి కోట్లు.. మేత బీడుకు దిక్కేది?

జనక్‌పురి, ఢిల్లీ: ఇక్కడి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో వియాటినా-19 ఆవు ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2023లో బ్రెజిల్ వేలంలో దాని మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం విలువ 43 లక్షల డాలర్లని తేల్చారు. ‘మన ఒంగోలు జాతే’ అని అందరం మురిసిపోయాం. మరి పుట్టినచోట ఆ జాతి ఎందుకు చిక్కిపోయింది?

బ్రెజిల్‌లో ఈ జాతి పేరు నెలోర్. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ పేరే సముద్రం దాటింది. 1960ల్లో ప్రకాశం ప్రాంతంలోని కరవది పేరుతో వెళ్లిన ఆబోతు సంతతి అక్కడి మందల్లో నేటికీ ఉంది. తెల్లటి పొట్టి వెంట్రుకలు, కింద నల్లటి చర్మం, వేలాడే గంగడోలు ఎండను తట్టుకోవడానికి సాయపడతాయి. యూరప్ పశువులు డీలాపడే వేడిలోనూ ఇవి మేస్తాయి. బ్రెజిల్ గొడ్డుమాంసం పరిశ్రమకు ఈ జాతే వెన్నెముక.

అయితే అక్కడ ఈ పెంపకానికి నేల మూల్యం చెల్లించింది. అమెజాన్‌లో నరికిన అడవిలో ఎక్కువ భాగం పచ్చికబయళ్లుగా మారింది. వాటిలో చాలావరకు సారం కోల్పోయాయి. అందుకే పదేళ్లలో 4 కోట్ల హెక్టార్ల వరకు నిస్సారమైన పచ్చికబయళ్లను బాగుచేసి వాడుకోవాలని 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం కార్యక్రమం ప్రకటించింది. జాతి ఎంత మేలైనదైనా నేల చచ్చిపోతే మంద నిలవదని వాళ్లు ఆలస్యంగా గుర్తించారు.

మన కథ వేరు. ఇక్కడ ఒంగోలు జాతిని పెంచింది మాంసానికి కాదు, దుక్కికి, బండికి. ట్రాక్టర్ వచ్చాక ఎద్దుకు పని పోయింది. జొన్న చొప్ప వచ్చే చేలల్లో పొగాకు, సుబాబుల్ వచ్చాయి. మేత పోరంబోకులు ఆక్రమణల పాలయ్యాయి. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయినా ఆక్రమణల సమస్య తీరలేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని కాదు. 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్ మొదలైంది. గుంటూరు దగ్గర లాం, ప్రకాశంలో చదలవాడ, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రాలున్నాయి. కానీ వీటి చూపంతా వీర్యం మీద, దూడల మీద. వీర్యాన్ని ద్రవ నత్రజనిలో దశాబ్దాలు దాచొచ్చు. బీడును దాచలేం. కృత్రిమ గర్భధారణతో పుట్టిన దూడ రేపు ఎక్కడ మేయాలి? మేత కొనే స్తోమత లేని చిన్న రైతు దాన్ని ఎన్నాళ్లు నిలుపుకుంటాడు?

జాతి పరిరక్షణకు ఇచ్చే నిధులను ఊరి మేత భూమి సర్వేకు, హద్దురాళ్లకు, గడ్డి పెంపకానికి ముడిపెట్టాలి. ఆ బాధ్యత పంచాయతీకి అప్పగించాలి.

ఒకప్పటి పొలాల మీద లేచిన కాలనీ ఈ జనక్‌పురి. ఇక్కడి రోడ్ల మీద ఆవులు చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ నములుతూ కనిపిస్తాయి. మేత నేల పోయాక పశువుకు మిగిలేది అదే. ప్రకాశం పల్లెలకు ఇంకా కొంత వ్యవధి ఉంది.