గాలి ఊదితే చాలదు

మొన్న మా బడిలో పదో తరగతి కుర్రవాడొకడు తన సైన్సు నోటుపుస్తకం అట్ట లోపల అంటించుకున్న బొమ్మ తెచ్చి చూపించాడు. పైకప్పు లేని చిన్న కారు. ఒళ్ళంతా ఆకుపచ్చ, నారింజ రంగులు. "మాస్టారూ, ఇలాంటివి మొత్తం ఇరవై నాలుగే చేశారట. ఇంజనుకి టర్బో బిగించారట. మామూలు కారు కొని దానికి టర్బో బిగిస్తే అదీ ఇలాగే పోతుందా?" అని అడిగాడు.

"పోతుందిరా నాయనా. ఎంత దూరం పోతుందన్నదే ప్రశ్న" అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఇంతలో గంట కొట్టారు. కాని నేను చెప్పింది జవాబు కాదు, తప్పించుకోవడం. అంచేత అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉన్న యంత్రాన్ని విప్పి, అర్థం చేసుకుని, దాని శక్తి పెంచే మనిషంటే నాకు గౌరవం. కొలవకుండా పెంచే మనిషంటే భయం.

ఆ కారు కథ

జపాను దేశపు మాజ్డా కంపెనీ 1989లో ఎమ్.ఎక్స్.-5 అనే రెండు సీట్ల కారును బయటికి తెచ్చింది. బరువు టన్ను లోపే. ఇంజను 1.6 లీటర్లది. బ్రిటన్‌లో అమ్మిన బండి శక్తి సుమారు 115 అశ్వశక్తి. మలుపుల్లో అది తిరిగే తీరు అందరికీ నచ్చింది. ఇంకొంచెం బలం ఉంటే బాగుండునని మాత్రం కొందరికి అనిపించింది. ఇంగ్లండులోని బ్రాక్లీ పట్టణంలో పందెపు కార్లతో అనుభవమున్న బి.బి.ఆర్. అనే సంస్థ, మాజ్డా బ్రిటన్ శాఖ అంగీకారంతో, ఆ ఇంజనుకి ఒక టర్బో అమరిక తయారు చేసింది. శక్తి 150 అశ్వశక్తికి చేరింది.

1991లో ఫ్రాన్సులో జరిగే 24 గంటల లె మాన్స్ పందెంలో మాజ్డా వారి 787-బి కారు గెలిచింది. జపాను కంపెనీ కారు ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో బ్రిటన్‌లో 24 ఎమ్.ఎక్స్.-5 కార్లకు గెలిచిన కారు రంగులే వేసి, ఈ టర్బో బిగించి అమ్మారు. మా కుర్రవాడి బొమ్మలోది అదే.

అంటే 115 ఉన్నది 150 అయింది. సుమారు 30 శాతం పెరిగింది. ఇంజను పరిమాణం మాత్రం అంగుళం పెరగలేదు. మరి ఆ శక్తి ఎక్కణ్ణించి వచ్చింది?

పారేసే దాంట్లోంచి పని

పెట్రోలు ఇంజనులో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలదాకా పోయేది కొద్ది భాగమే. దాదాపు మూడో వంతు వేడి వాయువులతో కలిసి పొగ గొట్టంలోంచి వృథాగా పోతుంది. ఆ వాయువుల దారిలో ఒక చిన్న చక్రం పెడితే అవి దాన్ని గిర్రున తిప్పుతాయి. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి. మన ఇంటి సీలింగు ఫ్యాను తిరిగేది మూడు నాలుగు వందల చుట్లు!

ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. గాలి చాలకపోతే అది మండదు. ఎక్కువ గాలి తోస్తే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, ఎక్కువ శక్తి తీయవచ్చు. "అయితే ఇంకేం మాస్టారూ, బాగా ఊదితే సరి!" అంటారు మీరు. అక్కడే ఉంది చిక్కు.

మీ ఇంట్లో సైకిలు పంపు ఉంటే ఒక పని చేయండి. ట్యూబులోకి ఇరవై ముప్ఫై సార్లు గట్టిగా గాలి కొట్టి, పంపు అడుగు భాగాన్ని ముట్టుకోండి. వేడిగా ఉంటుంది. రాపిడి వల్ల కొంత, గాలిని నొక్కడం వల్ల ఎక్కువ. టర్బోలోనూ ఇదే జరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. బయటి గాలి 30 డిగ్రీలు అనుకోండి. టర్బో దాని పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేసింది. ఆ పనిలో గాలి సుమారు 80 డిగ్రీలకు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పరమ ఉష్ణోగ్రతలు 303, 353. 1.5ను 303తో హెచ్చించి 353తో భాగిస్తే 1.29 వస్తుంది. పీడనం 50 శాతం పెరిగినా, లోపలికి పోయే గాలి పెరిగింది 29 శాతమే! అదే గాలిని మధ్యలో ఒక రేడియేటరులాంటి దానిగుండా పంపి 50 డిగ్రీలకు చల్లార్చామనుకోండి. అప్పుడు 1.41 వస్తుంది, అంటే 41 శాతం. ఆ చల్లార్చే పెట్టెనే ఇంటర్‌కూలర్ అంటారు. మన రోడ్ల మీది డీజిలు లారీల్లోనూ అది ఉంటుంది. వాయు నియమాలు పరీక్ష కోసమే పుట్టినవి కావని ఇప్పుడైనా నమ్ముతారా?

గాలి వేడెక్కితే పలచబడటం ఒక్కటే నష్టం కాదు. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట చేరకముందే, సిలిండరు మూలనున్న మిశ్రమం వేడికీ పీడనానికీ తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటుంది. దీన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. సుత్తితో పిస్టను నెత్తిన కొట్టినట్టే. మితిమీరితే పిస్టనుకి బొక్క పడుతుంది.

ఇక లోహాల వ్యాకోచం చూడండి. ఇంజను నుంచి వేడి వాయువుల్ని టర్బోకి తెచ్చే గొట్టం ఎర్రగా కాలుతుంది. అర మీటరు ఉక్కు గొట్టం 800 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు వైపులా బిగించేసిన గొట్టం సాగడానికి చోటెక్కడ? వేడెక్కుతూ, చల్లారుతూ చివరికి పగులుతుంది.

అంచేత టర్బో ఒక్కటి బిగిస్తే పని అయిపోదు. ఇంధనం కొలత మార్చాలి. నిప్పురవ్వ పుట్టే క్షణం మార్చాలి. నూనె, నీరు సరిపోతాయో లేదో చూడాలి. క్లచ్, గేర్లు ఆ బలానికి ఆగాలి. అన్నిటికన్నా ముందు బ్రేకులు ఆగాలి. 80 కిలోమీటర్ల వేగం 120 అయితే వేగం ఒకటిన్నర రెట్లే, గతిజ శక్తి మాత్రం 2.25 రెట్లు.

పెద్ద కంపెనీకే తప్పలేదు

అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ 1962లో జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. టర్బోతో జనానికి అమ్మిన మొట్టమొదటి కార్లలో అదొకటి. 3.5 లీటర్ల ఇంజను, 215 అశ్వశక్తి. సంపీడన నిష్పత్తి 10.25. టర్బో ఉన్న ఇంజనుకి ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. మరి నాకింగ్ రాకుండా ఎలా? నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఒక సీసాలో పోసి, మిశ్రమంలోకి చిమ్మించారు. ద్రవం ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే.

ఆలోచన బంగారం లాంటిది. కాని ఆ సీసా నింపడం చాలామంది యజమానులు మరిచిపోయారు. ద్రవం అయిపోతే, ఇంజను పాడవకుండా ఒక కవాటం టర్బో బలాన్ని తగ్గించేస్తుంది. కారు నీరసించిందని ఫిర్యాదులు. చివరికి 1965లో కంపెనీయే టర్బోను ఉచితంగా తీసేసి మామూలు కార్బురేటరు పెట్టిస్తానంది. అలా చాలా కార్లు టర్బో పోగొట్టుకున్నాయి. టర్బోతో సహా మిగిలినవి ఇవాళ అపురూపం. అవి ఎందుకు అపురూపమయ్యాయో చూశారా? గొప్పవి కావడం వల్ల కాదు, కొన్నవారికి వాటి సంగతి తెలియకపోవడం వల్ల.

నేను చేసిన తప్పు

ఇతరుల తప్పులు చెప్పి నా తప్పు దాచడం న్యాయం కాదు. నేను పదో తరగతిలో ఉండగా మాకు బావి దగ్గర ఆయిలింజను ఉండేది. ఇంజను మరీ వేగం అందుకోకుండా ఇంధనాన్ని తగ్గిస్తూ ఉండే భాగాన్ని గవర్నరు అంటారు. ఒకరోజు నాన్న లేని సమయంలో నేను ఆ గవర్నరు పనిచేయకుండా ఒక తాడు కట్టేశాను. ఇంజను హోరెత్తింది. నీళ్ళు గొట్టంలోంచి లావుగా దూకాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పావుగంటకి బెల్టు జారిపోయింది. బరువు లేని ఇంజను వేగం అందుకుంది. గవర్నరు ఉంటే ఆపేది. దాన్ని నేను కట్టేశానాయె! నాన్న పొలం గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చి డీజిలు ఆపేలోపే కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికొచ్చింది. ఆ ముక్క మా ఇద్దరి మధ్యనుంచి పోయి మట్టిలో దిగబడింది. ఇంజను బాగుపడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నారుమడి ఎండిపోయింది.

నాన్న నన్ను కొట్టలేదు. "ఒరేయ్, నువ్వు ఇంజను బలం పెంచలేదురా. దాని కాపలావాణ్ణి కట్టేశావు" అన్నాడు, అంతే. టర్బో పీడనాన్ని అదుపులో ఉంచే కవాటం ఒకటుంటుంది. దాన్ని బిగించేసి "ఇంకాస్త, ఇంకాస్త" అనేవాళ్ళ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తాడు గుర్తొస్తుంది.

ఎవరు నిజమైన యజమాని?

మళ్ళీ ఆ ఇంగ్లండు కార్ల దగ్గరికి వద్దాం. అవి చేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. అలాంటి అరుదైన కారు కొన్నవాళ్ళు రెండు రకాలుగా ఉంటారు. ఒకరు తాళం వేసి దాచి, ధర పెరగడం కోసం ఎదురుచూస్తారు. ఇంకొకరు పగిలిన గొట్టాన్ని విప్పి, కొలిచి, బొమ్మ గీసి, అది ఎందుకు పగిలిందో ఆలోచించి కొత్తది చేయిస్తారు. తీసిన పాత భాగాన్ని పారేయక భద్రపరుస్తారు. ఏ రోజు ఏం మార్చారో, పీడనం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, అన్నీ రాసిపెడతారు. కాగితం మీద మొదటివారూ యజమానులే. నా లెక్కలో మాత్రం కారు రెండోవారిది. అరుదుగా దొరకడం వల్ల వస్తువుకి ధర వస్తుంది, మనిషికి జ్ఞానం రాదు.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా కదా మాస్టారూ? పైగా పెట్రోలు, పొగ! రేపు అన్నీ కరెంటు బళ్ళేనట కదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సరదా కోసం ఇంధనం తగలేయమని నేను చెప్పను. కాని అదే టర్బోతో ఇంకో పని కూడా జరుగుతుంది. పెద్ద ఇంజను చేసే పనిని చిన్న ఇంజనుతో చేయించవచ్చు. మన దేశంలో ఇప్పుడు అమ్ముతున్న ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో కార్లు ఆ దారిలో వచ్చినవే. ఇక కరెంటు బండికైనా వేడి, బ్యాటరీ హద్దు, బ్రేకుల బలం తప్పవు. బండి మారుతుంది, భౌతికశాస్త్రం మారదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో కుర్రాళ్ళు మోటారు సైకిలు సైలెన్సరు పీకేసి, చప్పుడు పెరిగితే బలం పెరిగిందనుకుంటున్నారు. చప్పుడు బలం కాదు. పైగా కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. నా ప్రయోగంలో రాడ్డు ముక్క మట్టిలో దిగింది. రోడ్డు మీద మట్టి ఉండదు, మనుషులుంటారు.

కాబట్టి ఆ కుర్రవాడికి నా జవాబు ఇది. నువ్వు టర్బో బిగించగలవురా. కాని ముందు థర్మామీటరు, పీడన మాపకం, నోటుపుస్తకం పట్టుకో. మా బడి షెడ్డులో పాత పంపుసెట్టు ఇంజను ఒకటి ఉంది. వచ్చే శనివారం దాన్ని విప్పుదాం. ప్రతి భాగం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: ఇది దేనికి కాపలా కాస్తోంది?

దానికి జవాబు తెలిశాక, పెంచాలా వద్దా అన్నది నువ్వే చెబుదువుగాని.