సోషల్‌కేముంది అయ్యగారూ!

మొన్న ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పదో తరగతి పిల్లలతో కాసేపు కూర్చున్నాను. పరీక్షలకు ఎలా సిద్ధపడుతున్నారని అడిగితే లెక్కల గురించి, సైన్సు గురించి చాలాసేపు చెప్పారు. "మరి సోషల్?" అన్నాను. "సోషల్‌కేముంది అయ్యగారూ, చివర్లో బట్టీ కొడితే సరిపోతుంది" అన్నాడు ఒకడు. పిల్లలు నవ్వారు. వెనక నిలబడ్డ తల్లిదండ్రులూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఇంకో మూడేళ్లలో వీళ్లంతా ఓటర్లు.

చరిత్ర, పౌరశాస్త్రం పుస్తకాల మీద దేశంలో కొన్నేళ్లుగా పెద్ద వాదమే నడుస్తోంది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామంటూ ఎన్‌సీఈఆర్‌టీ కొన్ని పాఠాలు తీసేసింది. 2023లో వచ్చిన పుస్తకాల్లో పన్నెండో తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల అధ్యాయం లేదు. పదో తరగతి రాజనీతిశాస్త్రంలో ప్రజాస్వామ్యం–వైవిధ్యం, ప్రజా పోరాటాలు, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్లు అనే మూడు అధ్యాయాలు లేవు. ఆ రాజనీతిశాస్త్ర పుస్తకాలకు ముఖ్య సలహాదారులుగా పనిచేసిన సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ తమ పేర్లు తొలగించమని అదే ఏడాది జూన్‌లో లేఖ రాశారు.

పాఠ్యపుస్తకం ఎప్పుడూ అధికారంలో ఉన్నవారి చేతిలోనే ఉంటుంది. ఏ ప్రభుత్వమూ దీనికి మినహాయింపు కాదు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ పదో తరగతి పుస్తకంలోకి తెలంగాణ ఉద్యమ పాఠం వచ్చింది. అంతకుముందు అక్కడి పిల్లలు తమ తాతల కథను బడిలో ఎంత విన్నారు? కాబట్టి ఏం తీసేశారు, ఏం చేర్చారు అని అడగడం న్యాయమే. సంఘాలూ అడగాలి.

అయితే నన్ను అంతకన్నా ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. తీసేసిన ఆ పాఠాలు పుస్తకంలో ఉన్నప్పుడు మాత్రం మన పిల్లలు వాటిని నేర్చుకున్నారా? చాలా బడుల్లో సోషల్ టీచరు ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టిస్తారు, పిల్లలు వాటి జవాబులు వల్లిస్తారు. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్ లెక్కలకు వెళ్లిపోతుంది. మనం అభ్యంతరం చెప్పం, పైగా సంతోషిస్తాం. పాఠాన్ని ఢిల్లీలో తీసేస్తే ఆగ్రహించే మనం, మన ఊరి బడిలో అది రోజూ మాయమవుతుంటే చూస్తూ ఊరుకుంటున్నాం.

దీనివల్ల ఎవరికి నష్టం? ఒక ఉదాహరణ చెప్తాను. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకు తెరుచుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సి కిందకు వస్తారు. ఈ విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. సర్టిఫికెట్‌లో ఒక మాట, సంఘ రిజిస్టరులో ఒక మాట ఉన్న ఇళ్లు మన మధ్య ఎన్ని ఉన్నాయో కాపరులకు తెలుసు. ఆ ఇళ్లలో పిల్లవాడికి 25వ అధికరణం ఏం చెబుతుందో, 1950 ఉత్తర్వు ఏం చెబుతుందో తెలియకపోతే అతడు తన భయానికి కారణం కూడా తెలియకుండానే పెరుగుతాడు. పౌరశాస్త్రం మార్కుల కోసం కాదనేది ఇందుకే. అపొస్తలుడైన పౌలును కొరడాలతో కొట్టబోయినప్పుడు, విచారణ లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టడం న్యాయమా అని శతాధిపతిని అడిగాడు. ఆయనకు చట్టం తెలుసు, దాన్ని ఎక్కడ అడగాలో కూడా తెలుసు.

చరిత్ర విషయంలో మనవైపూ ఒక లోపం ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న 1876–78 కరువు గురించి చెప్పం. పస్తులున్న జనానికి కూలి దొరకాలని మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్న సంగతి, ఆ జనంలో ఎక్కువమంది మాదిగలన్న సంగతి చాలామంది పిల్లలు వినలేదు. ఆ తర్వాత కులం గుడి గడప దాటి మన బల్లల మీదికి, సమాధుల తోటలోకి కూడా వచ్చిందన్న సంగతి అసలే చెప్పం. పాఠ్యపుస్తకాల్లో సగం సత్యం ఉందని నిందించేవాళ్లం మన కథను సగమే చెప్పవచ్చా? లేఖనాలు దావీదు విజయాలతోపాటు ఊరియాకు అతడు చేసిన ద్రోహాన్నీ రాసిపెట్టాయి. సొంత రాజు తప్పును దాచని గ్రంథాన్ని చేతపట్టుకున్నవాళ్లం మనం.

మరి ఏం చేద్దాం? పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు లెక్కల మార్కులతోపాటు సోషల్ పీరియడ్ జరుగుతోందా అని కూడా అడగండి. సంఘంలో సోషల్ టీచర్లుంటే నెలకొక సాయంత్రం వాళ్లకు అప్పగించండి. యౌవనస్థులను ఒకసారి గ్రామసభకు తీసుకెళ్లండి. వీధి దీపం గురించో, బడి మరుగుదొడ్డి గురించో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వాళ్ల చేతే రాయించండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలన్న నియమం అలా నేర్చుకున్నవాడు జీవితాంతం మరచిపోడు. సంఘంలోని వృద్ధులను కూర్చోబెట్టి ఈ గుడి ఎలా కట్టారో, ఎవరిని ఎక్కడ కూర్చోనిచ్చారో చెప్పించి పిల్లలచేత రాయించండి. మరో మతంవారి కథ వచ్చినప్పుడు, మన కథ ఇతరులు ఎలా చెప్పాలని కోరుకుంటామో అంతే న్యాయంగా చెప్పడం నేర్పండి.

యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించాడు. పిల్లలు చూసి ఇవేమిటని అడగాలని, పెద్దలు జవాబు చెప్పాలని. మన పిల్లలు ఇవాళ అడగడం మానేశారు. బట్టీ కొడితే చాలని వాళ్లకు నేర్పింది మనమే. వచ్చే ఆదివారం ఆ అబ్బాయి కనబడితే ఈసారి నవ్వను. వాడి సోషల్ పుస్తకం తెమ్మంటాను, పక్కన కూర్చుని కలిసి చదువుతాను.