దెబ్బ పగలు, నొప్పి రాత్రి

కిందటి సంచికలో వంటింటి గ్యాసు ట్యూబు గురించి చెప్పుకున్నాం. ఈసారి వంటింట్లోంచి వెల్డింగు షెడ్డులోకి వెళదాం. అది మగవాళ్ళ పని గదా, మాకెందుకని తల్లులూ ఇల్లాళ్ళూ పేజీ తిప్పేయవద్దు. ఈసారి రాస్తున్నది ముఖ్యంగా వారికోసమే.

మా హోసూరులోనూ, బెంగళూరు పీణ్యాలోనూ, పుణె దగ్గర చించ్‌వడ్‌లోనూ, రూర్కెలాలోనూ ఫ్యాబ్రికేషను పనిమీద బతుకుతున్న మనవాళ్ళున్నారు. వెనకటికి వెల్డింగు మిషనంటే నలుగురు మోసేంత బరువు. ఫ్యాక్టరీలోనే ఉండేది, పక్కన ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. ఇప్పుడు ఇన్వర్టరు మిషన్లు వచ్చాయి. ఒంటిచేత్తో పట్టుకుపోవచ్చు, కొద్దిపాటి అప్పుతో కొనుక్కోవచ్చు. మిషను తేలికైంది గాని ప్రమాదం తేలిక కాలేదు. చెప్పే పెద్దవాడు మాత్రం పక్కన లేకుండా పోయాడు.

కిందటి ఆయుధపూజనాడు మా మేనల్లుడి షెడ్డుకు వెళ్ళాను. కొత్తగా కొన్న ప్లాస్మా కటింగు మిషనుకు బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి పీటమీద కూర్చోబెట్టాడు. చిన్న సూట్‌కేసంత ఉంది.

"ప్లాస్మా అంటే రక్తంలో ఉండేది గదా అన్నయ్యా?" అంది మా చెల్లెలు.

పేరు ఒకటే, వస్తువు వేరని చెప్పాను. టార్చిలో సన్నటి రంధ్రమున్న రాగి నాజిలు ఉంటుంది. అందులోంచి కంప్రెసరు గాలి వేగంగా వస్తుంటే దానిలోకి విద్యుత్తును పంపుతారు. గాలి వేడెక్కి వేడెక్కి తానే కరెంటు ప్రవహించే స్థితికి వస్తుంది. ఆ స్థితినే ప్లాస్మా అంటారు. అక్కడి వేడి 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఇనుము కరగడానికి 1,500 పైచిలుకు చాలు. కరిగిన లోహాన్ని ఆ గాలే కిందికి ఊదేస్తుంది. గ్యాస్ కటింగుకు లొంగని స్టెయిన్‌లెస్ స్టీలునూ, అల్యూమినియాన్నీ కూడా ఇది వెన్నలా కోస్తుంది. అమెరికాలో రాబర్ట్ గేజ్ అనే ఆయన 1957లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

అంతా విని చెల్లెలు, "అదంతా సరే, మొన్న అర్ధరాత్రి రెండింటికి లేచి కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఒకటే గోల వీడు. పక్కింటి బాలింతనడిగి చనుబాలు తెచ్చి చుక్కలు వేశాను" అంది.

మేనల్లుడు నవ్వేశాడు. "ఏంలేదు మామయ్యా, షీల్డు తీసి పక్కన పెట్టి నాలుగు ట్యాకులు కొట్టానంతే. అప్పుడేం కాలేదు."

"అప్పుడేం కాలేదు." ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసిన నేను ఈ మాట విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. ఈ పనిలో ఉన్న మోసమంతా ఆ మాటలోనే ఉంది. చెయ్యి కాలితే వెంటనే లాక్కుంటాం. ఇక్కడి దెబ్బలు చాలావరకు తగిలినప్పుడు తెలియవు. సాయంత్రం ఇంటికొచ్చాక తెలుస్తాయి, కొన్నయితే ఇరవయ్యేళ్ళకు తెలుస్తాయి. అప్పుడు పక్కన ఉండేది సూపర్‌వైజరు కాదు, ఇంటివాళ్ళు. అందుకే ఈ సంగతులు ఇంటివాళ్ళకు తెలియాలి.

కళ్ళు

ఆర్కునుంచి వెలుగుతోపాటు అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఎండకు చర్మం కమిలినట్టు, ఇవి కంటి ముందుభాగంలోని కార్నియా పైపొరను కమిలిస్తాయి. ఆ సమయంలో ఏమీ అనిపించదు. సాధారణంగా 6 నుంచి 12 గంటలు గడిచాక మంట, నీళ్ళు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

చనుబాలు, బంగాళాదుంప ముక్కలు, రోజ్ వాటరు వంటివి కంట్లో వేయకండి. కమిలిన కంటికి కొత్తగా సూక్ష్మక్రిములు అంటుకోవచ్చు. కన్ను నులమకూడదు. మూసిన కళ్ళపై చల్లటి తడిగుడ్డ వేసి, చీకటి గదిలో పడుకోబెట్టి, తెల్లవారగానే కంటి డాక్టరుకు చూపించండి. మందుల షాపులో నొప్పి తెలియకుండా చేసే చుక్కలు అడిగి తెచ్చి మాటిమాటికీ వేస్తే కార్నియా మానదు, ఇంకా చెడుతుంది. నొప్పి ఒక కంట్లోనే ఉంటే గ్రైండరు రవ్వ గుచ్చుకుందేమో చూడాలి. అది ఆగే పని కాదు సుమా!

నల్లద్దాలకు నంబర్లుంటాయి. రాడ్డు వెల్డింగుకు కరెంటునుబట్టి 10 నుంచి 12 నంబరు వాడతారు. ప్లాస్మా కటింగుకు 40 ఆంపియర్ల వరకు 5, 60 వరకు 6, 80 వరకు 8, ఆపైన 9 అంతకుమించి. కూలింగ్ గ్లాసులు దీనికి పనికిరావు. షీల్డు కింద తెల్లద్దాలు కూడా ఉండాలి, ఎందుకంటే షీల్డు ఎత్తి సుత్తితో పొక్కు కొట్టేటప్పుడే రవ్వ కంట్లో పడుతుంది.

ఇంకొక మాట. గ్రిల్లు షాపులు రోడ్డుమీదే ఉంటాయి. బడినుంచి వచ్చే పిల్లలు నిలబడి చూస్తారు. పనివాడికి షీల్డుంది, పిల్లలకు లేదు. షాపువారు ఒక మందపాటి తెర కట్టుకోవాలి. అది లేకపోతే తల్లులు పిల్లల్ని అటు పోనివ్వకండి.

పొగ

జీఐ పైపు మీద ఉండే జింకు పూత ఆర్కుకు ఆవిరైపోతుంది. ఆ పొగ పీల్చినవాడు మధ్యాహ్నం బాగానే ఉంటాడు. రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో ఇనుము రుచి. ఇంట్లో మలేరియా అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది గనుక ఎవరూ పట్టించుకోరు. డాక్టరుకు చూపించేటప్పుడు "ఈరోజు జీఐ పైపు వెల్డింగు చేశాడు" అని తప్పక చెప్పండి. ఆయాసం వస్తే మాత్రం ఇంట్లో ఉంచకండి. కాడ్మియం పూత ఉన్న పాత బోల్టుల పొగ కూడా ఇలాగే మొదలై ప్రాణం తీయగలదు.

స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో ఇంకా చెడ్డ రకం క్రోమియం ఉంటుంది. వెల్డింగు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. బెల్లంముక్క తింటే పొగ దిగిపోతుందని, పాలు తాగితే కడిగేస్తుందని మన షెడ్లలో గట్టి నమ్మకం. పాలు తాగడం మంచిదే. కాని పాలు పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు కూడా ఈ సన్నటి పొగను ఆపదు. పూత గీకి తీసేయడం, తల పొగదారిలో పెట్టకపోవడం, పొగను బయటికి లాగే ఫ్యాను, తగిన మాస్కు: దారి ఇది. ట్రైక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తుడిచిన ముక్కను తడారకుండా ఆర్కు దగ్గరికి తేకూడదు. ఆ ఆవిరి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారగలదు. దాని బాధ కూడా కొన్ని గంటలాగి మొదలవుతుంది.

నిప్పు, చప్పుడు

కటింగు రవ్వలు 35 అడుగుల దాకా పోగలవు. గోనెసంచి మడతలోనో, రంపపు పొట్టులోనో పడిన రవ్వ అప్పటికప్పుడు మంట కాదు. లోలోపల రాజుకుని, షట్టరు దించి అందరూ వెళ్ళాక మంటవుతుంది. అంచేత చివరి కటింగయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట సేపు ఒక మనిషి ఉండి చుట్టూ చూడాలి. ఇసుక బకెట్లు, ఆర్పే సిలిండరు చేతికందేచోట ఉండాలి.

ప్లాస్మా చప్పుడు చెవులు గళ్ళుమనేంత ఉంటుంది. రోజూ వింటే వినికిడి కొద్దికొద్దిగా పోతుంది. ఇంట్లో టీవీ సౌండు ఏటేటా పెంచుతున్నాడంటే కారణం అదేమో అడగండి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గుల ఖర్చు చాలా తక్కువ.

ఆలస్యం చేయనివి రెండు

ఇంతసేపూ ఆలస్యంగా తెలిసే దెబ్బల గురించి చెప్పాను. వెంటనే ప్రాణం మీదికి వచ్చేవి రెండున్నాయి. మొదటిది కరెంటు. రాడ్డు వెల్డింగు మిషను ఆన్‌లో ఉండి ఆర్కు లేనప్పుడు హోల్డరులో 60 నుంచి 90 వోల్టులుంటాయి. చెమటతో తడిసిన ఒంటికి అదే చాలు. ప్లాస్మా మిషనులో 200 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. అందుకని నాజిలు మార్చేముందు మెయిను స్విచ్చి ఆపి తీరాలి. తడి గ్లవ్స్ వద్దు, చెప్పులు వద్దు, సింథటిక్ బట్టలు వద్దు. గోడలోని బోర్డుకు పెట్టే ఆర్‌సీసీబీ ఉంది గదా అని ధీమాపడవద్దు. మిషను లోపలి ట్రాన్స్‌ఫార్మరు అవతలివైపు తగిలే షాకును అది పసిగట్టలేదు.

మా బావగారికి పేస్‌మేకరు ఉంది. ఆయన ఆ షెడ్డులోనే కూర్చుని లెక్కలు రాస్తున్నారు! ఆర్కు చుట్టూ ఏర్పడే విద్యుదయస్కాంత క్షేత్రం పేస్‌మేకరును తికమకపెట్టగలదు. గుండె డాక్టరునడిగేదాకా ఇంటిదగ్గరే రాసుకోండని లేపి పంపించాను.

రెండవది ఖాళీ డ్రమ్ము. ఇది నా తప్పు గనుక వివరంగా చెబుతాను.

1989లో నేను సూపర్‌వైజరుగా ఉన్న చోట నీళ్ళతొట్టి కావలసివచ్చింది. మూలన ఒక డ్రమ్ము పడి ఉంది. దాన్ని నిలువుగా కొయ్యమన్నాను. "సార్, అది థిన్నరు డ్రమ్ము" అన్నాడు కటింగు కుర్రాడు. "ఆరునెలలుగా ఖాళీగా పడుంది, ఏమవుతుంది? కొయ్యి" అన్నాను. టార్చి తగిలిన క్షణంలోనే మూత పేలి లేచింది. కుర్రాడికి ఒక కన్ను పోయింది, ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. అప్పటికి పెళ్ళై నాలుగు నెలలు.

నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్మే ప్రమాదమని ఆనాడు నాకు తెలియదు. ద్రవం పోయినా అంచు మడతల్లో మిగిలిన తడి, ఆవిరై గాలితో కలిసి మందుగుండవుతుంది. డీజిలు, పెయింటు, నూనె డ్రమ్ములైనా వేడికి ఆవిరి పుట్టిస్తాయి. మండే పదార్థమున్న పాత్రను శుభ్రం చేయకుండా వెల్డింగు, కటింగు చేయకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్లోనే ఆనాడు రాసి ఉండేది. నేనది చదవలేదు. చదివి ఉండవలసినవాణ్ణి. నీళ్ళతో ఒకసారి కడిగితే శుభ్రమైనట్టు కాదు. ఆ పని తెలిసినవాళ్ళే చేయాలి. తొట్టి కావాలంటే తొట్టి కొనుక్కోవాలి.

ఆ కుర్రాడు తర్వాత స్టోర్సులో చేరాడు. నన్ను ఒక్క మాటనలేదు. "మీరు మాత్రం కావాలని చెప్పారా సార్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏటా ఆయుధపూజకు మిషనుకు దండ వేస్తుంటే నాకు అతని ముఖమే కనిపిస్తుంది.

ఇంటివాళ్ళు అడగవలసినవి

ఆనాడు షెడ్డులో ఇదంతా చెప్పాక మేనల్లుడు నవ్వలేదు. నీళ్ళ టేబులు మీద అల్యూమినియం కొయ్యవచ్చా అని తానే అడిగాడు. నీటిలో హైడ్రోజన్ బుడగలు పుట్టి కిందచేరి పేలతాయి, వద్దన్నాను. ఆక్సిజన్‌తో ఒంటిమీది దుమ్ము దులుపుకోవద్దని కూడా చెప్పాను. ఆక్సిజన్ పట్టిన బట్ట ఒక్క రవ్వకు భగ్గుమంటుంది.

చెల్లెలికి ఒక కాగితం రాసిచ్చాను. మీరూ రాసుకోండి. పొద్దున బయలుదేరేటప్పుడు: బూట్లు, నూలు బట్టలు, పొడి గ్లవ్స్, షీల్డు ఉన్నాయా? సాయంత్రం వచ్చాక: ఈరోజు ఏ లోహం కోశావు? షీల్డు తీసి ఎన్ని ట్యాకులు కొట్టావు? షట్టరు దించేముందు ఎంతసేపు చూశావు? విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, అడగడం మానవద్దు.

మొన్న చెల్లెలు ఫోను చేసింది. షెడ్డు ముందు తెర కట్టారట, బావగారు ఇంట్లోనే లెక్కలు రాస్తున్నారట. ఒక పాత డ్రమ్ము కొయ్యమని ఎవరో తెస్తే, "మా మామయ్య ఒప్పుకోడు" అని వాడు తిప్పి పంపించాడట. పోయిన బేరం మూడు వందలట. ఆ మూడు వందలూ నేనిస్తానని చెప్పాను.

వచ్చే సంచికలో ఇంటి ఎర్తింగు సంగతి చూద్దాం.