వేలాడే చక్రం దగ్గర కొలత

పాత మహీంద్రా జీపుకు ఎత్తు పెంచడం వరంగల్‌లో ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఆటోనగర్‌కు తీసుకెళ్తే కమాన్ కట్టలో ఒకట్రెండు పట్టీలు ఎక్కువ వేస్తారు, లేదంటే పొడుగు షాకిళ్లు బిగిస్తారు. ఇంకా ఎత్తు కావాలంటే యాక్సిల్ కింద ఉన్న కమాన్లను పైకి మారుస్తారు. ఆ వెంటనే పెద్ద టైర్లు, ఇనప బంపరు, దాని మీద లైట్లు, ఆపైన ఫొటోలు. ఇంత ఖర్చులో బ్రేక్ హోస్ పైపుల మాట ఎక్కడో చివర వస్తుంది. ఒక్కోసారి అసలే రాదు. ఈ వారం నేను ఆ పైపుల పక్షం.

ఛాసిస్ వెంట బ్రేక్ ఆయిల్ ఇనప పైపులో పోతుంది. ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది, యాక్సిల్ మాత్రం కిందికీ పైకీ ఊగుతుంది. అందుకే ముందు చక్రాలకు చెరొకటి, వెనక హౌసింగ్‌కు ఒకటి రబ్బరు హోస్‌లు పెట్టారు. ఆ రబ్బరు వంగడానికి చేసింది, సాగడానికి కాదు. బండిని పైకి లేపి పాత హోస్‌లే ఉంచితే, చక్రం గుంతలోకి జారిన ప్రతిసారీ జాయింటు మీద లాగుడు పడుతుంది.

పొడవు ఎంత ఉండాలో బండి నేల మీద నిలబడి ఉండగా తేలదు. ఛాసిస్‌ను జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద కూర్చోబెట్టి, యాక్సిల్‌ను పూర్తిగా వేలాడనివ్వాలి. ఒకవైపు చక్రాన్ని జాకీతో పైకి నొక్కి, రెండోవైపు ఇంకా ఎంత జారుతుందో చూడాలి. ఏటూరునాగారం అడవి బాటల్లో వాగు దిగే జీపు నిలబడేది అచ్చం అలాగే. ముందు చక్రాలను స్టీరింగ్‌తో ఆ కొసకూ ఈ కొసకూ తిప్పి చూస్తే హోస్ ఎక్కడ బిగుస్తుందో తెలిసిపోతుంది. అక్కడ కూడా కాస్త వదులు మిగలాలి.

అలాగని బారెడు పైపు తెచ్చి వేలాడదీయడమూ పనికిరాదు. మడతపడినప్పుడు టైరుకు రాసుకుంటుంది, కమాన్ పట్టీల మధ్య నలుగుతుంది, అడవిలోనైతే కొమ్మకు చిక్కుకుంటుంది. ఎత్తు పెంచింది కొంచెమే అయితే ఛాసిస్ మీద హోస్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌నే కిందికి దించి, ఇనప పైపును మళ్లీ వంచుకోవచ్చు. చాలామంది మేస్త్రీలు చెప్పని ఉపాయం ఇది. చవకైనదీ ఇదే. అందుకే చెప్పరేమో.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. కరీంనగర్, ఖమ్మం గ్రానైట్ క్వారీల పుణ్యమా అని జేసీబీలకు, క్రేన్లకు హైడ్రాలిక్ పైపులు క్రింపింగ్ చేసే దుకాణాలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. ఏ పొడవు అడిగితే ఆ పొడవు పావుగంటలో చేతిలో పెడతారు. బ్రేక్ గట్టిగా తొక్కితే లైన్‌లో చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకు పైగానే ఒత్తిడి వస్తుంది. జేసీబీ పైపు అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ పైపుల లోపలి పొర మామూలుగా నైట్రైల్ రబ్బరు, పెట్రోలియం ఆయిల్ కోసం చేసింది. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. అది తగిలితే నైట్రైల్ ఉబ్బి, మెత్తబడి, లోపల్లోపలే ఊడుతుంది. బయటికి పైపు కొత్తదానిలా నిగనిగలాడుతూనే ఉంటుంది. బ్రేక్ హోస్‌కు లోపల ఈపీడీఎం రబ్బరు కావాలి, లేదా స్టీలు అల్లికతో వచ్చే టెఫ్లాన్ గొట్టం కావాలి. హోస్ మీద ఎస్‌ఏఈ జే1401 అన్న ముద్ర ఉందో లేదో చూసుకోండి. మర పొసగకపోతే బలవంతంగా తిప్పించకండి: పాత జీపుల్లో అంగుళాల మరలు, కొత్త హోస్‌లలో మిల్లీమీటర్ల మరలు ఉండొచ్చు.

మరీ పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్. ఒక్క హోస్ పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకులు పోతాయి. అమెరికాలో 1968 నుంచే కార్లకు రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. ఎత్తు పెంచే డబ్బున్నవాళ్లు ముందు ఆ సిలిండర్ మార్చుకోవాలన్నది నా పట్టుదల.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. హన్మకొండ చౌరస్తాలో షోకు కోసం తిప్పేవారు ఆలోచించుకోవాలి.

హోస్ బిగించేటప్పుడు దాని మీది గీత మెలిక పడకుండా నిటారుగా ఉండాలి. రాగి వాషర్లు కొత్తవే వేయాలి. తర్వాత గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలి. అమెరికా వీడియోలు చూసి కుడి వెనక చక్రం దగ్గర కూర్చోకండి. స్టీరింగ్ కుడివైపున్న మన బండ్లకు దూరపుది ఎడమ వెనకది. చివరగా ఒకరు పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు టార్చి పట్టుకొని కిందికి దూరి ప్రతి జాయింటునూ గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు తడి అంటితే ఆ రోజుకు బండి షెడ్డులోనే.

— ఓరుగల్లు బాటసారి